మరొకమారు లెక్క పెట్టండి

గ్రామపంచాయతీ ఎన్నిక జరిగిన నాటి మధ్యాహ్నం మన పల్లెలలో బడి ఆవరణ చూడవలసినదే. 2025 డిసెంబరులో తెలంగాణ పల్లెలలో జరిగినట్లుగా, ఉదయం 7 గంటలకు మొదలైన పోలింగు ఒంటిగంటకు ముగుస్తుంది. భోజనాలు కాగానే, రెండు గంటలకు, లెక్కింపు ఆరంభమవుతుంది. పెట్టెలోని కాగితాలను బల్లమీద కుమ్మరించి, సర్పంచి పదవికి వేసిన గులాబీరంగు కాగితాలను ఒకవైపుకు, వార్డు సభ్యులకు వేసిన తెల్ల కాగితాలను మరొకవైపుకు వేరుచేస్తారు. తరువాత అభ్యర్థులవారీగా విడదీసి, 25 చొప్పున కట్టలు కడతారు. వెలుపల ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటుంది. అంతలో ఒకరికంటె మరొకరికి రెండో మూడో ఓట్లు ఎక్కువ వచ్చినవని తెలుస్తుంది. వెంటనే ఓడినవారి పక్షం నుంచి ఒక మాట వినవస్తుంది: “మరొకమారు లెక్క పెట్టండి.”

ఆ మాటకు ఎంత విలువ ఇవ్వవలెను? అడిగినవారికెల్లా మళ్ళీ లెక్కపెట్టుతూ పోతే ఎన్నిక ఎన్నటికీ తేలదు. అడిగినా లెక్కపెట్టకపోతే అనుమానం మిగిలిపోతుంది. పెద్ద ఎన్నికలలో ఓడిన అభ్యర్థి ఎక్కడో దూరాన ఉంటాడు. ఊరి ఎన్నికలో అట్లా కాదు. గెలిచినవాడూ, ఓడినవాడూ మరునాడు ఒకే బావిగట్టు మీద, ఒకే చెరువు కాలువ దగ్గర ఎదురుపడవలసినవారు. అనుమానం ఒక్కసారి మొలిచినదంటే అయిదేండ్లపాటు ఊరిని రెండుగా చీల్చుతుంది. కాబట్టి లెక్కింపు అనేది గెలిచినవానిని తృప్తిపరచడానికి కాదు. అతడు ఎట్లాగూ తృప్తుడే. ఓడినవాడు, మనస్సులో బాధ ఉన్నా, “లెక్క సరియైనదే” అని ఒప్పుకొని ఇంటికి పోగలగాలి. ఓట్ల పునర్గణనకూ, తనిఖీకీ ఉన్న చరిత్ర అంతా ఈ ఒక్క ప్రయోజనం చుట్టూ తిరిగినదే.

ఈ విషయంలో మన దక్షిణదేశానికి చాలా పాత అనుభవం ఉన్నది. కాంచీపురం జిల్లాలోని ఉత్తరమేరూరు గ్రామంలో వైకుంఠ పెరుమాళ్ ఆలయపు గోడల మీద రెండు ప్రసిద్ధ శాసనాలున్నవి. అవి చోళరాజు మొదటి పరాంతకుని 12వ, 14వ పాలనా సంవత్సరాలలో, అనగా సుమారు క్రీ. శ. 919, 921 లలో వేయించినవి. ఆ గ్రామసభ తన వార్షిక సంఘాన్నీ, తోట సంఘాన్నీ, చెరువు సంఘాన్నీ ఏ విధంగా ఎన్నుకోవలెనో ఆ శాసనాలు వివరంగా విధించినవి. గ్రామాన్ని 30 కుడుంబులుగా, అంటే వార్డులుగా, విభజించినారు. అర్హులైన వారి పేర్లు తాటాకు ముక్కల మీద వ్రాసి, వార్డువారీగా కట్టలు కట్టి, ఒక కుండలో వేసేవారు. అందుచేతనే ఆ పద్ధతికి ‘కుడవోలై’ అని పేరు వచ్చినది. కుడం అంటే కుండ, ఓలై అంటే ఆకు.

ఇది నేటి అర్థంలో ఓటింగు కాదు, చీటీ తీయడమే. అర్హత కూడా కొద్దిమందికే ఉండేది. పన్ను కట్టే సొంత భూమి, సొంత స్థలంలో కట్టిన ఇల్లు, వేదపరిజ్ఞానం, 35కు పైబడి 70కి లోబడిన వయస్సు ఉండవలెను. బ్రాహ్మణ అగ్రహారపు సభ అది. స్త్రీలకు గాని, పొలం దున్నే కూలీలకు గాని అందులో చోటు లేదు. దానిని మన పంచాయతీకి మాతృక అని పొగడడం సరికాదు. కాని ఆ సభవారు అనుమానానికి తావు లేకుండా ఉండడానికి పడిన పాట్లు మాత్రం మనం శ్రద్ధగా చూడదగినవి.

చీటీ తీసే రోజున పిన్నలూ పెద్దలూ అందరూ చేరవలెను. గ్రామంలోని అర్చకులందరూ తప్పక హాజరు కావలెను. వారిలో పెద్దవాడు లేచి, కుండను అందరికీ కనిపించేటట్లు పైకెత్తి చూపవలెను. విషయం ఏమీ తెలియని ఒక చిన్న బాలునిచేత ఒక కట్టను తీయించి, విప్పి, మరొక ఖాళీ కుండలో వేసి కలియబెట్టి, అందులోనుంచి ఒక చీటీని తీయించవలెను. ఆ చీటీని మధ్యస్థుడు అయిదు వ్రేళ్ళూ చాచిన అరచేతిలో అందుకోవలెను. అట్లా అందుకుంటే చేతిలో వేరే చీటీ దాచుకోవడానికి వీలులేదు కదా. ఆ పేరును అతడు బిగ్గరగా చదవవలెను. ఆ పిమ్మట అక్కడున్న అర్చకులందరూ అదే చీటీని చదవవలెను. అప్పుడు గాని ఆ పేరు అంగీకృతం కాదు. ఒకడు చదివినదానిని పలువురు మళ్ళీ చదవడం ఇందులో ముఖ్యం. రెండవ లెక్క ఒకరి అభ్యర్థన మీద జరిగేది కాదు, విధానంలోనే భాగంగా ఉన్నది.

ఆ శాసనాలలో మరొక నిబంధన కూడా ఉన్నది. పూర్వం ఏదైనా సంఘంలో సభ్యుడై ఉండి లెక్కలు ఒప్పజెప్పనివాని పేరు కుండలో వేయరాదు. అతని పేరే కాదు. పెద్దమ్మ పినతల్లుల కొడుకులు, మేనత్త కొడుకులు, మేనమామ, బావమరిది, మామగారు, అల్లుడు మొదలైన అతని బంధువర్గంలో ఎవరి పేరూ వేయరాదు. చెరువు సొమ్ముకు లెక్క చెప్పనివానికి పదవి లేదన్నమాట. ఎన్నిక తనిఖీని, డబ్బు తనిఖీని ఆ గ్రామసభ ఒకే శాసనంలో ముడివేసినది.

అయితే మనం నేడు వాడే బాలెట్ పద్ధతి ఉత్తరమేరూరు నుంచి దిగివచ్చినది కాదు. అది పందొమ్మిదవ శతాబ్దంలో ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశాల మీదుగా వచ్చినది. ఇంగ్లండులో 1872 వరకు ఓటు బహిరంగంగా వేయవలసినదే. ఓటరు అధికారి ఎదుట నిలిచి తాను ఎవరిని కోరుకుంటున్నాడో పైకి చెప్పేవాడు. దానిని ఒక పుస్తకంలో వ్రాసుకునేవారు. ఆ పుస్తకాలను అచ్చువేసి అమ్మడం కూడా కద్దు. అటువంటి ఎన్నికలో పునర్గణన ఎంతో సులభం. ఎవరు ఎవరికి ఓటు వేసినారో పేరుపేరునా చూచుకొని ఎవరైనా మళ్ళీ కూడుకోవచ్చును. కాని ఆ సౌలభ్యానికి ఓటరు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. భూస్వామికి వ్యతిరేకంగా ఓటు వేసిన కౌలుదారు మరునాడు భూమిని పోగొట్టుకొనవచ్చును. దుకాణదారు తన ఖాతాదారులను పోగొట్టుకొనవచ్చును.

ఈ బాధ తీర్చడానికే రహస్య బాలెట్ పుట్టినది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలస రాజ్యాలు 1856లో దానిని చట్టం చేసినవి. ఇంగ్లండు 1872లో అనుసరించినది. ఆ ఇంగ్లీషు చట్టం పార్లమెంటు ఎన్నికలకే గాక పురపాలక ఎన్నికలకు కూడా వర్తించినది. దానితో ఓటరుకు రక్షణ లభించినది గాని, లెక్కకు ఒక కొత్త చిక్కు వచ్చినది. కాగితం పెట్టెలో పడిన క్షణం నుంచి అది ఎవరిదో తెలియదు. అది తన ఓటేనని ఎవరూ చెప్పలేరు, చెప్పరాదు కూడా. మరి లెక్క తప్పినట్లయితే ఎట్లా పట్టుకోవలెను? అందుకు ఆ చట్టమే ఒక ఉపాయం చేసినది. బాలెట్ పత్రం వెనుక ఒక సంఖ్య వేసి, అదే సంఖ్యను అధికారి దగ్గర మిగిలే ప్రతిభాగం మీద కూడా వేసి, ఆ ప్రతిభాగం మీద ఓటరు జాబితా సంఖ్యను వ్రాయించినది. దొంగ ఓటు పడినదని న్యాయస్థానంలో తేలితే దానిని వెదకి తీయడానికే ఈ ఏర్పాటు. కాని అదే దారిలో నడిస్తే ఏ ఓటరు ఎవరికి ఓటు వేసినాడో కూడా కనుక్కోవచ్చును. లెక్క విప్పి చూడాలన్న కోరికకూ, ఓటు మరుగున ఉండాలన్న నియమానికీ నడుమ పోరాటం ఆనాడే మొదలైనది.

మనదేశంలో స్థానిక స్వపరిపాలనకు రిప్పన్ ప్రభువు 1882 మే 18న చేసిన తీర్మానం పెద్ద మలుపు. మద్రాసు రాజధానిలో 1884లో లోకల్ బోర్డుల చట్టం, జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చినవి. వయోజనులందరికీ ఓటుహక్కు మాత్రం స్వాతంత్ర్యానంతరమే లభించినది. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టినారు. పెట్టెమీద అభ్యర్థి గుర్తు ఉండేది. ఓటరు కాగితం మీద ఏమీ వ్రాయనక్కరలేదు, తనకు నచ్చిన గుర్తు గల పెట్టెలో దానిని వేస్తే చాలును. చదువు రాని కోట్లాది జనానికి అది అనుకూలమైన పద్ధతి. లెక్కింపు కూడా తేలికే. ఏ పెట్టెలో ఎన్ని కాగితాలున్నవో లెక్కించడమే పని.

కాని అందులో ఒక లోపం ఉన్నది. కాగితం మీద ఓటరు అభిప్రాయం ఏదీ ఉండదు, పెట్టెయే సాక్ష్యం. కాగితాన్ని పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకొని వెలుపలికి తెచ్చి అమ్ముకుంటే, కొన్నవాడు వాటిని తన పెట్టెలో వేయించుకోవచ్చును. అటువంటి కాగితాలను ఎన్నిమార్లు తిరిగి లెక్కించినా నిజం తెలియదు. అందుచేత పేర్లూ గుర్తులూ అచ్చువేసిన కాగితం మీద ఓటరే ముద్ర వేసే పద్ధతికి దేశం మారినది. 1962 సాధారణ ఎన్నికల నాటికి అది విస్తృతంగా అమలులోకి వచ్చినది. సాక్ష్యం పెట్టెమీది నుంచి కాగితం మీదికి వచ్చినది. పునర్గణన అనే మాటకు నిజమైన అర్థం ఏర్పడినది ఈ మార్పు తరువాతనే అని చెప్పవచ్చును.

అప్పటినుంచి పునర్గణనలో రెండు వేర్వేరు పనులు కలిసివున్నవి. సామాన్యంగా జనం వీటిని ఒకటిగా భావిస్తారు. మొదటిది అంకెల తప్పు దిద్దడం. 25 కాగితాలు ఉండవలసిన కట్టలో 24 ఉండవచ్చును. ఒకరి కట్ట పొరబాటున మరొకరి వరుసలో చేరవచ్చును. కూడికలో ఒక అంకె తారుమారు కావచ్చును. ఇవి మళ్ళీ లెక్కిస్తే తేలిపోయే తప్పులు. రెండవది సందేహాస్పదమైన కాగితాల మీద తీర్పు. ముద్ర రెండు గుర్తుల నడుమ గీతమీద పడినది. ఒకచోట స్పష్టంగా పడి, మడతపెట్టినప్పుడు సిరా మరొకచోట అంటినది. ఇద్దరికి ముద్రలు పడినవి. ముద్రకు బదులు వ్రేలిగుర్తు ఉన్నది. వీటిలో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు? రెండు గుర్తులకు ఓటు వేసిన కాగితమూ, ఓటరు ఎవరో తెలిపే చిహ్నం గల కాగితమూ చెల్లవు. ముద్ర కొంచెం అస్పష్టమైనా ఓటరు ఉద్దేశం స్పష్టమైతే చెల్లుతుంది. ఇది గణితం కాదు, వివేచన. పల్లె ఎన్నికలో ఆధిక్యం నాలుగైదు ఓట్లైనప్పుడు, పదవి ఎవరిదో తేల్చేది ఈ సందేహపు కాగితాల చిన్న కట్టయే.

పట్టణాలలో కూడా ఇదే చిక్కు వస్తుంది. 2020 డిసెంబరు 1న హైదరాబాదు మహానగర పాలకసంస్థ ఎన్నికలు బాలెట్ పత్రాలతో జరిగినవి. ఓటరు స్వస్తిక ముద్ర వేయవలసి ఉండగా కొన్ని కాగితాల మీద వేరే ముద్రలు పడినవి. ఓటరు ఉద్దేశం స్పష్టమైతే అటువంటివి కూడా చెల్లునని ఎన్నికల సంఘం లెక్కింపుకు ముందురాత్రి ఉత్తరువు ఇచ్చినది. దానిమీద వివాదం హైకోర్టుకు పోయినది. నేరేడ్‌మెట్ డివిజనులో అటువంటి కాగితాల సంఖ్య ముందున్న అభ్యర్థి ఆధిక్యాన్ని మించిపోవడంతో డిసెంబరు 4న అక్కడి ఫలితం నిలిచిపోయినది. న్యాయస్థానపు ఆదేశాల పిదప డిసెంబరు 9న వాటిని లెక్కించి ఫలితం ప్రకటించినారు. తప్పు ముద్రను ఓటరు చేతికి ఇచ్చినది ఎవరు, దాని ఫలితం అనుభవించవలసినది ఎవరు అనే ప్రశ్న అక్కడ తలెత్తినది. ఓటు లెక్కలో తప్పు ఎప్పుడూ ఓటరుదే కానక్కరలేదు.

ఇక పునర్గణన కోరే పద్ధతి ఏమిటి? లోక్‌సభకు, శాసనసభకు సంబంధించిన 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలలో దీనికి స్పష్టమైన క్రమం ఉన్నది. రాష్ట్రాల స్థానిక ఎన్నికల నిబంధనలు కూడా చాలవరకు ఆ బాటనే నడిచినవి. లెక్కింపు కాగానే అధికారి ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చినవో చదువుతాడు. ఫలితాల పత్రం మీద సంతకం పెట్టకముందే, అభ్యర్థి గాని అతని ఏజెంటు గాని, కారణాలు చూపుతూ, వ్రాతపూర్వకంగా పునర్గణన కోరవచ్చును. అధికారి దానిని పూర్తిగా గాని, కొంతమేరకు గాని అంగీకరించవచ్చును. అర్థం లేని కోరిక అని తోస్తే త్రోసిపుచ్చవచ్చును. ఏది చేసినా కారణం వ్రాయవలెను. సంతకమైన పిదప ఎంత అరచినా ఆ గదిలో చేయగలిగినది లేదు. ఎన్నో ఊళ్ళలో న్యాయమైన కోరికలు వృథా కావడానికి కారణం ఇదే. కేక వేసినవారు ఉంటారు గాని, సకాలంలో కాగితం మీద వ్రాసి ఇచ్చినవారు ఉండరు.

స్వల్ప ఆధిక్యాలు పల్లెలకే పరిమితం కావు. 1989 లోక్‌సభ ఎన్నికలలో మన అనకాపల్లి నియోజకవర్గంలో లక్షలాది ఓట్లు పోలుకాగా, విజేతకు దక్కిన ఆధిక్యం 9 ఓట్లు మాత్రమే. అయితే సమానంగా ఓట్లు వచ్చినప్పుడు ఏమగును? పునర్గణనలో కూడా సమానమే అని తేలితే, అధికారి చీటీ వేసి, గెలిచిన చీటీకి ఒక ఓటు కలిపినట్లు భావించి ఫలితం చెబుతాడు. అంటే వెయ్యేండ్ల తరువాత కూడా మన చట్టం చివరి దిక్కుగా ఉత్తరమేరూరు కుండవద్దకే పోతున్నది. ఆ సాయంకాలమే మరొక దృశ్యం కూడా ఉన్నది. గెలిచిన వార్డు సభ్యులు చేరి, ఉపసర్పంచిని చేతులెత్తి ఎన్నుకుంటారు. అక్కడ రహస్యం లేదు గనుక పునర్గణన చిక్కే లేదు. మరల చేతులెత్తమంటే సరిపోతుంది.

ఫలితం ప్రకటించిన తరువాత దారి మారుతుంది. రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినది. దానిలోని 243-ఓ అధికరణం ప్రకారం, పంచాయతీ ఎన్నికను ఎన్నికల పిటీషను ద్వారానే ప్రశ్నించవలెను. ఆ పిటీషను విచారించే న్యాయాధికారి బాలెట్ కట్టలను తెరిపించి తిరిగి లెక్కించే ఆజ్ఞ ఇవ్వవచ్చును. కాని ఆ అధికారాన్ని తేలికగా వాడరాదని సుప్రీంకోర్టు మరలమరల చెప్పినది. 1964లో రామ్ సేవక్ యాదవ్ కేసులో, ముద్రవేసిన కాగితాలను చూడవలెనంటే రెండు షరతులు ఉండవలెనని నిర్ణయించినది. పిటీషనులో తప్పు ఎక్కడ, ఎట్లా జరిగినదో ముఖ్యమైన వాస్తవాలు చెప్పవలెను. పూర్తి న్యాయం చేయడానికి కాగితాలు చూడడం అవసరమని కోర్టుకు ప్రథమదృష్టికి తోచవలెను. లోపల ఏదైనా దొరుకుతుందేమోనని వలవేసి వెదకడానికి అనుమతి లేదు.

ఈ సూత్రం ఎంత కఠినమైనదో 1989 నాటి ఒక తీర్పు చూపుతుంది. తమిళనాడులోని ఒక పంచాయతీ అధ్యక్ష ఎన్నికలో ఓడినవాడు పిటీషను వేసినాడు. ఎన్నికల ట్రిబ్యునలు పునర్గణనకు ఆజ్ఞాపించగా, ఓడినవానికే ఎక్కువ ఓట్లు వచ్చినట్లు తేలినది. అయినప్పటికీ సుప్రీంకోర్టు అతని పక్షాన నిలువలేదు. కట్టలు విప్పడానికి ముందు తగిన ఆధారం ఉండవలెను, విప్పిన తరువాత బయటపడిన సంగతిని చూపి విప్పడాన్ని సమర్థించరాదు అని తీర్పు చెప్పినది. వినగానే మనస్సు ఒప్పుకోదు. ఓట్లు ఎక్కువ వచ్చినవాడు ఇంట్లో ఉండగా, తక్కువ వచ్చినవాడు పదవిలో ఉండడం ఏమి న్యాయం? కాని ఆ కట్టల పక్కనే ప్రతిభాగాలు కూడా భద్రమై ఉన్నవని మరువరాదు. ఊరికి వెయ్యిమంది ఓటర్లున్నచోట, ఎవరి ఓటు ఎటు పడినదో కనుక్కోవాలని చూచేవారికి కొదువ ఉండదు. ఓడిన ప్రతివాడూ కోరినప్పుడెల్లా కట్టలు విప్పితే, రేపు కూలికి పోయే ఆమె ఈనాడు నిర్భయంగా ఓటు వేయగలదా? కోర్టు కాపాడదలచినది ఆమెను.

అయినా ఆధారం గట్టిగా ఉన్నప్పుడు కోర్టు తలుపు తెరుచుకుంటుంది. హర్యానా రాష్ట్రం పానిపట్ జిల్లాలో బువానా లాఖు అనే గ్రామం ఉన్నది. 2022 నవంబరు 2న అక్కడ సర్పంచి ఎన్నిక ఓటింగు యంత్రాలతో జరిగినది. 69వ పోలింగు కేంద్రపు లెక్క మీద వివాదం వచ్చినది. 2025 ఏప్రిల్ 22న ఎన్నికల ట్రిబ్యునలు ఆ కేంద్రపు ఓట్లను తిరిగి లెక్కించమన్నది. జూలై 1న హైకోర్టు ఆ ఆజ్ఞను రద్దుచేసినది. వివాదం సుప్రీంకోర్టుకు చేరగా, 65 మొదలు 70 వరకు ఉన్న కేంద్రాలన్నింటి యంత్రాలను ఢిల్లీకి తెప్పించినారు. 2025 ఆగస్టు 6న ఇరుపక్షాల ఎదుట, వీడియో తీస్తూ, కోర్టు అధికారి తిరిగి లెక్కించినాడు. మొత్తం 3,767 ఓట్లలో ఓడినాడన్నవానికి 1,051, గెలిచినాడన్నవానికి 1,000 వచ్చినవి. ఆగస్టు 11న కోర్టు మొదటివానిని సర్పంచిగా ప్రకటించమని ఉత్తరువు ఇచ్చినది. 51 ఓట్ల నిజం బయటికి రావడానికి రెండేండ్ల తొమ్మిది నెలలు పట్టినది. ఆ పదవి కాలం అయిదేండ్లే. ఊరు కోరుకున్నవాడు కోర్టు మెట్లమీద ఉండగా, సగానికి మించిన కాలం గడిచిపోయినది.

ఇటువంటి ఆలస్యం లేకుండా, ఎవరూ అడుగకముందే లెక్కను పరీక్షించే మార్గం లేదా? ఉన్నది. దానినే ఎన్నికల ఆడిట్ అంటారు. పునర్గణనలో కాగితాలన్నీ మళ్ళీ లెక్కిస్తారు. ఆడిట్‌లో కొన్నిటిని మాత్రమే తీసి చూస్తారు. మన ఇళ్ళలో అన్నం ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచి తెలుసుకోవడం వంటిదే ఇది. అయితే గిన్నెలో పైమెతుకే ఎప్పుడూ పట్టితే అడుగున మాడినది తెలియదు. అందుచేత ఏ మెతుకు పట్టవలెనో వండినవారు నిర్ణయించరాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2017 నవంబరులో, ఎక్కువగా స్థానిక పోటీలున్న ఎన్నికలో, రాష్ట్రమంతటా ఇటువంటి ఆడిట్‌ను మొదటిసారిగా జరిపినది. ఏ కాగితాలు తీయవలెనో నిర్ణయించడానికి జనం ఎదుట పది ముఖాల పాచికలను 20 మార్లు వేసి, వచ్చిన అంకెలను ఆధారం చేసుకున్నారు. ఆధిక్యం ఎక్కువైతే కొద్ది కాగితాలు చూస్తే చాలును. ఆధిక్యం తగ్గినకొద్దీ ఎక్కువ చూడవలెను. పరీక్షలో తేడా కనబడితే చూచే కాగితాలను పెంచుతూ పోయి, అవసరమైతే మొత్తం చేతితో లెక్కిస్తారు. గణితశాస్త్రం కొత్తదే గాని, అందులోని బుద్ధి పాతదే. విషయం తెలియని బాలునిచేత చీటీ తీయించినవారి బుద్ధి అది.

మనదేశంలో యంత్రాల విషయంలో ఇటువంటి అడుగు ఒకటి పడినది. ప్రతి శాసనసభా విభాగంలో ఐదు పోలింగు కేంద్రాల వీవీప్యాట్ చీటీలను యంత్రపు లెక్కతో సరిచూడవలెనని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 8న ఆదేశించినది. ఆ కేంద్రాలను కూడా చీటీ వేసియే ఎంచుతారు. బాలెట్ పత్రాలతో జరిగే మన పల్లె ఎన్నికలలో సాక్ష్యం ఎట్లాగూ కాగితమే. అక్కడ అన్నింటికంటె మంచి తనిఖీ లెక్కింపు బల్లచుట్టూ కూర్చున్న ఏజెంట్లదే. పెట్టెలో దొరికిన కాగితాల సంఖ్య, పోలింగు అధికారి వ్రాసిన సంఖ్యతో సరిపోయినదా? ప్రతి కట్టలో 25 ఉన్నవా? త్రోసివేసిన ప్రతి కాగితాన్నీ అందరికీ చూపినారా? ఈ మూడు ప్రశ్నలను అక్కడే, ఆ వేళనే అడిగి జవాబు పొందిన ఊరికి కోర్టుతో పని సామాన్యంగా ఉండదు.

ఇంతకూ చరిత్ర మనకు నేర్పేది ఏమిటి? ఓటు వేసే చేయి మూసి ఉండవలెను, లెక్కించే చేయి తెరచి ఉండవలెను. ఇంగ్లండు బహిరంగ ఎన్నికలలో రెండు చేతులూ తెరిచినవే, దానివల్ల బీదవాడు చెడినాడు. మొదటి సాధారణ ఎన్నికల పెట్టెలలో కాగితం మీద ఏ గుర్తూ లేకపోవడంచేత లెక్కకు ఆధారం దొరకలేదు. తెరచిన చేతికి ఉత్తరమేరూరువారు చాచిన అయిదు వ్రేళ్ళు గుర్తు. మూసిన చేతికి 1872 నాటి బాలెట్ గది గుర్తు. ఈ రెండింటి నడుమ తూకం తప్పకుండా చూడడమే పునర్గణనకు పెట్టిన నియమాలన్నింటి అంతరార్థం. వచ్చే ఎన్నికనాడు మీ ఊరి బడి గదిలో “మరొకమారు లెక్క పెట్టండి” అన్న మాట వినబడితే, దానిని ఓడినవాని మొండితనమని కొట్టివేయవద్దు. కారణం చూపి, కాగితం మీద వ్రాసి, సంతకానికి ముందు ఇచ్చినాడా అని చూడండి. ఇచ్చి ఉంటే, ఆ అరగంట ఓపిక పట్టి మళ్ళీ లెక్కించుకోవడం వలన ఊరికి వచ్చే నష్టం ఏమీ లేదు. సరియైన లెక్క కోసం బువానా లాఖు గ్రామం దాదాపు మూడేండ్లు ఎదురుచూచినది.